వచ్చిపోయే ఇంటర్నెట్: చిన్న కార్యాలయంలో లోప నిర్ధారణ

కనెక్షన్ పూర్తిగా పోకుండా, నిలకడగా నిలవకుండా, కాసేపు ఉండి కాసేపు తెగుతూ ఉండడాన్ని వాడుకలో ‘నెట్ వచ్చిపోతోంది’ అంటారు. పదీ పదిహేను కంప్యూటర్లు, ఒక ఫైబర్ లైను, ఒక రౌటర్, ఒకటో రెండో స్విచ్‌లు, ఒక ప్రింటరు, సీసీ కెమెరాల డీవీఆర్ ఉన్న ఆడిటరు ఆఫీసు, మీసేవ కేంద్రం, డయాగ్నొస్టిక్ సెంటరు, చిట్‌ఫండ్ శాఖ వంటి చోట్ల ఈ లోపం తరచుగా తలెత్తుతుంది. నెట్‌వర్క్ చూసుకోవడానికంటూ ఇలాంటి చోట ఉద్యోగి ఉండడు. కంప్యూటర్ గురించి కాస్త తెలిసిన అకౌంటెంటో, కేబుల్ ఆపరేటర్ పంపే కుర్రాడో దిక్కు.

పూర్తిగా పోయిన లైనును బాగుచేయడం సులువు. తెగిన తీగ తెగినచోటే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. వచ్చిపోయే లోపం మాత్రం మెకానిక్ షెడ్డుకు చేరేసరికి ఆగిపోయే బండి చప్పుడు లాంటిది. ఆపరేటర్ మనిషి వచ్చి మొబైల్‌లో స్పీడ్ టెస్ట్ చేసి, ‘బాగానే వస్తోంది కదండీ’ అని వెళ్ళిపోతాడు. అతడు చెప్పింది అబద్ధం కాదు, ఆ నిమిషానికి అది బాగానే ఉంది.

99.9 శాతం సమయం పనిచేసే కనెక్షన్ అంటే 30 రోజుల నెలలో సుమారు 43 నిమిషాలు పనిచేయనిదని లెక్క. ఆ 43 నిమిషాలూ ఏ అర్ధరాత్రో ఒక్కసారిగా పోతే ఎవరికీ పట్టదు. అదే రోజుకు పదిసార్లు, ఎనిమిదీ తొమ్మిది సెకన్ల చొప్పున పోతే మొత్తం అంతే అయినా బ్యాంకు లావాదేవీ మధ్యలో ఆగుతుంది, వీడియో కాల్ తెగుతుంది, 20వ తేదీ సాయంత్రం జీఎస్టీ రిటర్ను మళ్ళీ మొదటికి వస్తుంది. సగటు లెక్కల్లో ఈ లోపం కనబడదు. ఎప్పుడు, ఎంతసేపు, ఎవరికి పోయిందన్నదే అసలు సమాచారం.

సమయం పట్టుకోవడం

నిర్ధారణలో మొదటి పనిముట్టు ఒక నోటు పుస్తకం. పోయిన సమయం, తిరిగి వచ్చిన సమయం, ఒక్కరికే పోయిందా అందరికీ పోయిందా, పోయినవాళ్ళు తీగ మీద ఉన్నారా వైఫై మీదా, అప్పుడు కరెంటు ఉందా ఇన్వర్టరా, ఫైబర్ మోడెమ్ మీద ఏ లైటు ఎలా ఉంది అన్నవి వారం పాటు రాస్తే కారణం సగం తెలిసిపోతుంది. ఏసీలు వేసే వేళ, మధ్యాహ్న భోజన వేళ, కరెంటు మారిన క్షణం, వాన పడ్డ రోజు వంటి వరుసలు కాగితం మీదే బయటపడతాయి.

ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ 2020 సెప్టెంబరులో వేల్స్‌లోని అబర్‌హోసన్ అనే పల్లె నుంచి వచ్చింది. 18 నెలల పాటు రోజూ ఉదయం 7 గంటలకు ఊళ్ళో బ్రాడ్‌బ్యాండ్ పడిపోయేది. లైనును పదే పదే పరీక్షించారు, కేబుళ్ళు మార్చారు, ఫలితం లేదు. చివరికి అక్కడి లైన్లు చూసుకునే ఓపెన్‌రీచ్ సంస్థ ఇంజనీర్లు స్పెక్ట్రమ్ ఎనలైజర్ చేతపట్టుకుని తెల్లవారుజామున ఊళ్ళో తిరిగారు. సరిగ్గా 7 గంటలకు పరికరంలో విద్యుత్ రొద పెద్దగా కనిపించింది. ఒక ఇంట్లో ఆ వేళకు పాత టీవీ ఆన్ చేస్తున్నారు, దాని రొద రాగి తీగల్లోకి దూరుతోంది. ఫైబర్‌కు ఇలాంటి రొద అంటదు కాబట్టి ఆ కారణం నేటి ఆఫీసులకు పెద్దగా వర్తించదు. కానీ దోషిని పట్టించింది కొత్త కేబులు కాదు, ఉదయం 7 గంటలన్న సమయం.

మనవాళ్ళ మొదటి వైద్యం రౌటర్ ఆపి మళ్ళీ ఆన్ చేయడం. దాంతో పని తాత్కాలికంగా జరుగుతుంది గానీ, రౌటర్‌లోని లాగ్, ఎంతసేపటి నుంచి నడుస్తోందన్న లెక్క, అప్పటి కనెక్షన్ల పట్టిక అన్నీ చాలా మోడళ్ళలో చెరిగిపోతాయి. ఆపే ముందు రెండు నిమిషాలు ఆగి లైట్లను, రౌటర్ స్టేటస్ పేజీని ఫోనుతో ఫొటో తీసుకోవడం మంచిది.

దారిని ముక్కలు చేయడం

కంప్యూటర్ నుంచి బయటి ప్రపంచానికి పోయే దారిలో గోడ సాకెట్, స్విచ్, రౌటర్, ఫైబర్ మోడెమ్, వీధిలోని స్ప్లిటర్, ఆపరేటర్ కంట్రోల్ రూము, పెద్ద ప్రొవైడరు ఇలా ఎన్నో మజిలీలు. లోపం ఏ మజిలీలో ఉందో చెప్పే తేలికైన పనిముట్టు పింగ్. అమెరికా సైన్యపు బాలిస్టిక్ రీసెర్చ్ లేబొరేటరీలో పనిచేసిన మైక్ మూస్ 1983 డిసెంబరులో దీన్ని రాశాడు. జలాంతర్గాములు వాడే సోనార్ చప్పుడును బట్టి ఆ పేరు పెట్టాడు. చిన్న ప్యాకెట్ పంపి, జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో చెప్పడమే దాని పని.

వచ్చిపోయే లోపానికి నాలుగు పింగ్‌లు కొట్టి చూస్తే ఏమీ తేలదు. తీగతో తగిలించిన ఒక కంప్యూటర్‌లో మూడు కిటికీలు తెరిచి, మూడు గమ్యాలకు ఆగకుండా రోజంతా నడపాలి. మొదటిది ఆఫీసు రౌటర్, చాలాచోట్ల 192.168.1.1. రెండోది రౌటర్ దాటాక తగిలే ప్రొవైడర్ తొలి మజిలీ, దాని చిరునామా, దారిలోని మజిలీలను వరుసగా చూపే ట్రేస్‌రూట్ అనే పనిముట్టు చెబుతుంది. మూడోది బయట ఎక్కడైనా, ఉదాహరణకు గూగుల్ 2009లో ప్రారంభించిన 8.8.8.8. నెట్ పోయిన క్షణంలో మూడూ ఆగితే లోపం ఆఫీసు గోడల మధ్యే ఉంది. రౌటర్ జవాబిస్తూ మిగతా రెండూ ఆగితే మోడెమ్, ఫైబరు, ఆపరేటరు వైపు చూడాలి. మొదటి రెండూ పలికి బయటిది ఒక్కటే ఆగితే అది ప్రొవైడర్‌కు పైన ఎక్కడో ఉంది, ఆఫీసులో ఏం మార్చినా ప్రయోజనం లేదు. మూడూ చక్కగా నడుస్తుండగానే వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే అది వేరే జాతి లోపం, దాని సంగతి కింద ఉంది.

ట్రేస్‌రూట్ చదవడంలో చాలామంది తడబడతారు. మధ్య మజిలీల్లో నక్షత్రాలు, 30 శాతం నష్టం వంటివి కనిపించగానే దొంగ దొరికాడనుకుంటారు. పెద్ద రౌటర్లు తమ మీదుగా పోయే ట్రాఫిక్‌ను ముందు చూసి, తమనే ఉద్దేశించి వచ్చే పింగ్‌లకు తీరిక ఉంటేనే జవాబిస్తాయి. ఒక మజిలీలో మొదలైన నష్టం చివరి గమ్యం దాకా కొనసాగితేనే అది నిజమైన నష్టం.

ఒక శాతం ప్యాకెట్లు పోతే ఏమవుతుందిలే అనుకోవడానికి లేదు. డేటాను చేరవేసే టీసీపీ అనే ప్రమాణం పాత పద్ధతిలో ప్రతి నష్టాన్నీ రద్దీగా భావించి వేగం తగ్గించుకుంటుంది. 1997లో మాథిస్ బృందం ఇచ్చిన సూత్రం ప్రకారం, జవాబుకు 50 మిల్లీసెకన్లు పట్టే దారిలో ఒక శాతం నష్టం ఉంటే ఒక్కో డౌన్‌లోడ్ సెకనుకు మూడు మెగాబిట్లు దాటడం కష్టం, ప్లాను 100 మెగాబిట్లదైనా సరే. కొత్త పద్ధతులు దీనికన్నా మెరుగ్గా తట్టుకుంటాయి. అయినా ‘పెద్ద ప్లాను తీసుకోండి సార్’ అనే సలహా ఇలాంటి చోట డబ్బు దండగే.

కరెంటు, తీగలు, రెండో రౌటరు

ఆఫీసు లోపలి కారణాల్లో తొలి అనుమానం కరెంటు మీదే పెట్టాలి. రౌటర్‌కూ మోడెమ్‌కూ వచ్చే 12 వోల్టుల అడాప్టర్ అన్నిటికన్నా చవక సరుకు. ఏళ్ళ తరబడి వేడిలో నడిచి లోపలి కెపాసిటర్లు ఉబ్బాక, తక్కువ పని ఉన్నంతసేపూ లైట్లన్నీ మామూలుగా వెలుగుతాయి. పది మంది ఒకేసారి వాడితే వోల్టేజి కుంగి పరికరం తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. స్టేటస్ పేజీలో అప్‌టైమ్ రోజుల్లో ఉండాల్సింది నిమిషాల్లో కనిపిస్తే ఇదే సంగతి. మార్చేటప్పుడు వోల్టేజి సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు, పిన్ను ధ్రువాలు కలవాలి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లిప్తపాటు విరామంలో కంప్యూటర్లు నిలదొక్కుకున్నా రౌటర్ పడిపోవచ్చు. తిరిగి లేచి లైను అందుకోవడానికి రెండు మూడు నిమిషాలు. రౌటర్‌కూ మోడెమ్‌కూ చిన్న డీసీ యూపీఎస్ పెడితే ఈ బాధ ఆ రోజే పోతుంది. కోతలు ఎక్కువున్న ఊళ్ళో ఇంతకన్నా గిట్టుబాటయ్యే ఖర్చు లేదు.

తర్వాత తీగలు. ఈథర్నెట్ కేబుల్‌లో ఎనిమిది తీగలు, నాలుగు జతలుగా ఉంటాయి. 100 మెగాబిట్ల లింకుకు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. క్రింపింగ్ సరిగా పడని ఒక్క తీగ, కుర్చీ చక్రం కింద నలిగిన ఒక్క జత చాలు, గిగాబిట్ లింకు 100కు దిగడానికో, కదిలినప్పుడల్లా తెగడానికో. చివరలు కాస్త వంచి చూసినప్పుడు లింకు లైటు ఆరి వెలిగితే ఆ కేబుల్‌ను బాగుచేసే ప్రయత్నం మాని కొత్తది వేయాలి. ఒక్కో వరుస 100 మీటర్లు దాటకూడదన్నది ప్రమాణం. పై అంతస్తుకు, పక్క భవనానికి లాగేటప్పుడు ఈ హద్దు మరిచిపోతుంటారు.

లోపలి కారణాల్లో అన్నిటికన్నా ఎక్కువ తికమకపెట్టేది రెండో రౌటరు. లోపలి గదిలో సిగ్నల్ లేదని ఎవరో ఇంటి నుంచి పాత వైఫై రౌటర్ తెచ్చి, గోడ సాకెట్‌కు దాని ల్యాన్ పోర్టు తగిలిస్తారు. ఇప్పుడు ఆఫీసులో అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వర్లు రెండయ్యాయి. పొద్దున కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు ఏది ముందు జవాబిస్తే దాని మాటే చెల్లుతుంది. అసలు రౌటర్ పలికినవాళ్ళకు నెట్ వస్తుంది, రెండోది పలికినవాళ్ళకు రాదు. రీస్టార్ట్ చేస్తే ఒక్కోసారి పాచిక అటు పడి పని జరుగుతుంది, దాంతో ‘రీస్టార్ట్ చేస్తే వస్తుంది’ అనే నమ్మకం గట్టిపడుతుంది. నెట్ ఉన్న కంప్యూటర్‌లోనూ లేనిదాంట్లోనూ గేట్‌వే అడ్రసు పోల్చి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. రెండో పరికరంలో డీహెచ్‌సీపీ ఆపి, దాన్ని యాక్సెస్ పాయింట్‌గా మార్చి వాడుకోవచ్చు. అడ్రసు 169.254తో మొదలైతే ఏ సర్వరూ జవాబివ్వలేదని అర్థం. ప్రింటరుకో డీవీఆర్‌కో చేత్తో ఇచ్చిన అడ్రసునే రౌటర్ ఇంకొకరికి పంచడం ఇదే కుటుంబపు లోపం.

ఒకే కేబుల్ రెండు కొసలూ పొరపాటున ఒకే స్విచ్‌లో పెడితే ప్యాకెట్లు గానుగెద్దుల్లా తిరిగి నెట్‌వర్క్ మొత్తం స్తంభిస్తుంది. దీన్ని అడ్డుకునే స్పానింగ్ ట్రీ పద్ధతిని రాడియా పెర్ల్‌మన్ 1985లోనే రూపొందించినా, చవక స్విచ్‌లలో చాలావాటికి ఆ సదుపాయం లేదు. స్విచ్ లైట్లన్నీ ఒకే తాళంలో పిచ్చిగా కొట్టుకోవడం దీని గుర్తు.

వైఫై

వైఫై మీద ఫిర్యాదు వస్తే మొదట చేయాల్సింది వైఫైని పరీక్ష నుంచి తప్పించడం. అదే ల్యాప్‌టాప్‌కు తీగ తగిలించి అరపూట పనిచేయించాలి. సమస్య మాయమైతేనే వైఫై సంగతి చూడాలి.

2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానికొకటి అడ్డురాని చానళ్ళు మూడే, 1, 6, 11. అపార్టుమెంటు కింది షాపు గదిలో ఆఫీసు ఉంటే ఆ మూడిటి మీద ఇరవై ముప్పై రౌటర్లు పోటీపడుతుంటాయి. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా నెట్ రాకపోవడానికి కారణం తరచుగా ఈ రద్దీయే. గీతలు చెప్పేది సిగ్నల్ బలాన్ని, ఖాళీని కాదు. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ ఈ పట్టీలోనే. ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపును 1998 నుంచి తికమకపెట్టిన వింత సంకేతాలు, ఓవెన్ ఆగకముందే తలుపు తీసినప్పుడు బయటికి వచ్చిన తరంగాలని 2015లో తేలింది. శాస్త్రవేత్తలకే అన్నేళ్ళు పట్టిందంటే, మధ్యాహ్నం ఒంటిగంటకు టిఫిను వేడిచేసుకునే ఆఫీసులో కారణం తట్టకపోవడం వింతేమీ కాదు.

5 గిగాహెర్ట్జ్‌కు మారితే రద్దీ తగ్గుతుంది, గోడలు దాటే శక్తి కూడా తగ్గుతుంది. ఇందులో కొన్ని చానళ్ళను రాడార్లతో పంచుకోవాలి. రాడార్ లాంటి సంకేతం వినబడగానే రౌటర్ ఆ చానల్ వదిలేయాలి, అలాంటి మరో చానల్‌కు మారితే కనీసం 60 సెకన్లు విని గానీ ప్రసారం మొదలుపెట్టకూడదు. రోజుకు ఒకటి రెండుసార్లు వైఫై పేరే మాయమై నిమిషం తర్వాత తిరిగొస్తుంటే చానల్‌ను 36, 40, 44, 48లలో ఒకదానికి కట్టేసి చూడాలి.

ఫైబరు

ఫైబర్ కనెక్షన్లలో ఎక్కువ భాగం జీపాన్ పద్ధతివి. కంట్రోల్ రూము నుంచి వచ్చే ఒక పోగును స్ప్లిటర్లతో 32 కనెక్షన్లకో 64 కనెక్షన్లకో పంచుతారు. సుమారు 2.5 గిగాబిట్ల వేగాన్ని ఆ కనెక్షన్లన్నీ పంచుకుంటాయి. రెండుగా పంచిన ప్రతిసారీ కాంతి సగమవుతుంది, అంటే 3 డెసిబెల్స్ తగ్గుతుంది. మోడెమ్‌కు అందే కాంతి బలం దాని స్టేటస్ పేజీలో ఆర్‌ఎక్స్ పవర్ పేరుతో ఉంటుంది. సాధారణ తరగతి పరికరాలకు మైనస్ 27 డీబీఎం హద్దు. మైనస్ 20 దగ్గరుంటే నిశ్చింత. మైనస్ 26, 27 దగ్గర ఊగుతుంటే వచ్చిపోయే లోపానికి వేరే కారణం వెతకనక్కరలేదు. ఈ అంకెను వారం పాటు రోజుకు రెండుసార్లు రాసుకుంటే, ఆపరేటర్‌తో వాదన ఒక్క మాటలో తేలుతుంది.

కాంతి ఎందుకు తగ్గుతుంది? బీరువా వెనక కేబుల్ చిన్న వంపు తిరిగి నలగడం, జిప్ టై బిగించి లాగడం, కనెక్టర్ కొస మీద దుమ్ము చేరడం, అతుకుపెట్టెలోకి వాన నీరు దిగడం, ఎలుకలు కొరకడం. ఏటవాలు కొస ఉన్న ఆకుపచ్చ కనెక్టర్‌ను, మామూలు కొస ఉన్న నీలి కనెక్టర్ సాకెట్లో దూర్చినా పట్టుతుంది, కాంతి మాత్రం బాగా నష్టపోతుంది. మోడెమ్ మీద లాస్ లైటు ఎర్రగా వెలిగితే కాంతి అందడం లేదని అర్థం, ఇక ఆఫీసులో చేయగలిగిందల్లా కేబుల్ నలిగిందేమో చూడడమే. కొస విప్పి కంటితో లోపలికి చూడకూడదు. ఆ కాంతి కంటికి కనబడదు, కన్నును దెబ్బతీయగలదు.

మన ఊళ్ళలో ఫైబర్ చాలావరకు భూమి మీదే, స్తంభాల మీదుగానే నడుస్తుంది. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాలనే దారిగా ఎంచుకుంది. తక్కువ ఖర్చుతో పల్లెలకు చేరిందీ అందువల్లే, గాలివానకూ ఎత్తైన లారీకీ దొరికిపోతున్నదీ అందువల్లే. 2025 ఆగస్టులో విద్యుత్ ప్రమాదాల తర్వాత హైదరాబాదులో స్తంభాల మీది కేబుళ్ళను సిబ్బంది తొలగించినప్పుడు చాలా ప్రాంతాల్లో ఇంటర్నెట్ నిలిచిపోయింది. అలాంటి నాడు ఆఫీసులో రౌటర్ మార్చి లాభం లేదు.

లింకు ఉంటుంది, పని జరగదు

పింగ్‌లు నడుస్తూ పని ఆగిపోయే లోపాల్లో పెద్దది అప్‌లోడ్ రద్దీ. ఒక కంప్యూటర్ క్లౌడ్ బ్యాకప్ మొదలుపెడుతుంది, లేదా యజమాని ఇంటి నుంచి ఫోనులో కెమెరాలు చూస్తుంటాడు. అప్‌లోడ్ నిండగానే రౌటర్ ప్యాకెట్లను పోగొట్టకుండా లోపల వరుసలో పేర్చుకుంటుంది. 20 మిల్లీసెకన్ల పింగ్ వందల్లోకి వెళుతుంది. కాల్‌లో గొంతు ముక్కలవుతుంది. ఈ అతి నిల్వ జబ్బుకు 2010లో జిమ్ గెటిస్ బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ కోడెల్ అనే మందు కనిపెట్టారు. రౌటర్‌లో ఎఫ్‌క్యూ కోడెల్ సదుపాయం ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్‌ను అసలు సామర్థ్యంలో 85, 90 శాతానికి కట్టడి చేస్తే గొంతు నిలబడుతుంది. ఏ సదుపాయమూ లేకపోతే బ్యాకప్‌ను రాత్రికి మార్చడమే మందు.

8.8.8.8కు పింగ్ వెళుతూ పేరుతో ఏ సైటూ తెరుచుకోకపోతే సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే ప్రొవైడర్ డీఎన్‌ఎస్ సర్వర్ మొరాయించిందని అర్థం, రౌటర్‌లో వేరే డీఎన్‌ఎస్ ఇస్తే సరిపోతుంది. కొన్ని సైట్లు మాత్రమే సగంలో వేలాడితే ప్యాకెట్ పరిమాణం చూడాలి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే పీపీపీఓఈ లైనులో 8 బైట్లు దాని హెడర్‌కే పోయి, 1500లో 1492 మిగులుతాయి. ఆ సంగతి రౌటర్‌కు తెలియకపోతే పెద్ద ప్యాకెట్లు దారిలో అంతర్ధానమవుతాయి. రౌటర్‌కు బయటి వైపు వచ్చిన అడ్రసు 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే, ఆపరేటర్ ఒకే పబ్లిక్ అడ్రసును ఎందరికో పంచుతున్నాడన్నమాట. రిమోట్ డెస్క్‌టాప్, వీపీఎన్ కొన్ని నిమిషాలు ఖాళీగా ఉంచితే తెగిపోవడానికి ఇది కారణం కావచ్చు. నెలకు కొంత కట్టి స్టాటిక్ ఐపీ తీసుకుంటే ఆ చిక్కు తీరుతుంది.

మరీ దూరపు కారణాలూ ఉంటాయి. 2008 జనవరి చివర ఈజిప్టు తీరంలో సముద్రపు కేబుళ్ళు తెగి భారతదేశంలో నెట్ మందగించింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ తన అంతర్గత పొరపాటుతో దాదాపు ఆరు గంటలు అదృశ్యమైతే, వాట్సాప్ రాని చాలామంది తమ రౌటర్‌నే తిట్టుకున్నారు.

ఫిర్యాదు, రెండో లైను

పని ఆగితే నష్టపోయే ఆఫీసుకు రెండో లైను అవసరం. కానీ రెండు కంపెనీల ఫైబర్లూ ఒకే స్తంభాల మీదుగా వస్తే పేరుకే రెండు. ఒకటి ఫైబరు, రెండోది 4జీ లేదా 5జీ రౌటర్ అయితే దారులు నిజంగా వేరవుతాయి. నెలకోసారి ఫైబర్ పీకి, రెండోది తనంతట తాను అందుకుంటోందో లేదో చూసుకోవాలి.

ఆపరేటర్‌కు ‘నెట్ సరిగా రావట్లేదు’ అని చెబితే ఆయన దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది. తేదీలు, సమయాలు, తీగ మీద నడిపిన మూడు పింగ్‌ల ఫలితాలు, ఆర్‌ఎక్స్ పవర్ అంకెలు ఒక కాగితం మీద పెట్టి ఇస్తే మాట మారుతుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన వినియోగదారుల ఫిర్యాదుల నియమావళి ప్రకారం కంపెనీ ప్రతి ఫిర్యాదుకూ డాకెట్ నంబరు ఇవ్వాలి. పరిష్కారం తృప్తిగా లేకపోతే అదే కంపెనీ అప్పీలు విభాగానికి వెళ్ళవచ్చు. ఫోను పెట్టేసే ముందే ఆ నంబరు అడిగి, నోటు పుస్తకంలో ఆ రోజు సమయాల పక్కనే రాసుకోండి.